వెన్నుకు మట్టి అంటని బొమ్మయ్య

బొమ్మయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అరవదేశంలోని మా రాజపాళయంలో ఒకరి జీవితం కాగితం మీదికి ఎక్కాలంటే వాళ్ళకొక మిల్లుండాలి, లేకపోతే మిల్లున్న అన్నైనా ఉండాలి. బొమ్మయ్యకి ఆ రెండూ లేవు. మంసాపురంలో ఉన్న ఎకరం చేను అన్నదమ్ములకే చాలక, పదిహేనేళ్ళ వయసులో మా ఊరికి నడిచి వచ్చి, రామసుబ్రహ్మణ్య రాజా జిన్నింగు ఫ్యాక్టరీలో దూది బేళ్ళు మోసే పనికి కుదిరాడు. అక్కడే కాటా దగ్గర కూర్చుని బేళ్ళు తూచే గుమాస్తాని నేను. పేరు దామోదరన్. రామసుబ్రహ్మణ్య రాజా నాకు వరసకి పెద్దన్న అవుతాడు. ఆ వరస ఆయనకి పెళ్ళి పత్రికలు పంచేటప్పుడు మాత్రమే గుర్తొచ్చేది. ఆయన నా మొదలాళి, అంటే జీతమిచ్చే యజమాని, అన్న సంగతి మాత్రం నాకు ఒక్క పూట కూడా మరుపు రాలేదు.

బొమ్మయ్యకి ఆస్తి అంటూ ఉన్నది ఒక్కటే. అతని వెన్ను ఎప్పుడూ మట్టికి ఆనలేదు. సత్రపట్టి కానీ, మంసాపురం కానీ, అమ్మవారి పండగకి ఏ ఊళ్ళో కుస్తీ గోదా తవ్వినా వెళ్ళేవాడు. ఎదురొచ్చినవాడిని పడేసి, తువ్వాలు దులుపుకుని, మర్నాడు పొద్దున్నే బేళ్ళ దగ్గర నిలబడేవాడు. ఆ సంగతి తానై ఎత్తేవాడు కాదు, ఎవరైనా ఎత్తితే మాత్రం ఆపేవాడు కాదు.

"నిద్రలో కూడా బోర్లానే పండుకుంటాడు దామోదరయ్యా" అనేది అతని పెళ్ళాం పాప్పమ్మాళ్. "వెన్ను చాపకి తగిలితే ఓడిపోయినట్టని బయం. ఇట్లాంటి మొగుడు ఎవరికన్నా దొరుకుతాడా చెప్పు!"

పెద్దన్న తమ్ముడు సుదర్శన రాజా నా ఈడువాడు. 1930లో మధురలో కాలేజీకి వెళ్ళాడు. చదువు సంగతి అడక్కండి, పాపం, చదువుకీ అతనికీ పడలేదు. కానీ కాలేజీలో కుస్తీ పోటీలు ఉండేవి. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మా గొడౌనులో విడి దూది పరిపించి, బొమ్మయ్యని పిలిచి సాధన చేసేవాడు. సాధన అంటే ఏముంది, బొమ్మయ్య ఎత్తి పడేస్తాడు, ఇతను లేచి వస్తాడు, బొమ్మయ్య మళ్ళీ ఎత్తి పడేస్తాడు. ఒక వేసవిలో అన్నిసార్లు దూదిలో పడినవాడికి కాలేజీ కుర్రాళ్ళు ఒక లెక్కా? వరసగా మూడేళ్ళు కప్పు అతనిదే. పెద్దన్న ఆ కప్పుల కోసం అద్దాల బీరువా చేయించి వీధిగదిలో పెట్టించాడు. వచ్చినవాళ్ళకి కాఫీ కన్నా ముందు కప్పులు చూపించేవాడు. బొమ్మయ్య పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

1934లో బొంబాయి నుంచి ఒక కుస్తీ కంపెనీ మధురకి వచ్చింది. డేరా వేసి, టికెట్టు పెట్టి, ఊరూరా కుస్తీలు ఆడించే కంపెనీ. నెల జీతం ఇస్తామన్నారు, సుదర్శన వాళ్ళతో వెళ్ళిపోయాడు. ఇంకేముంది! మా వాళ్ళలో ఊరికే కుస్తీ పడితే వీరుడు, జీతం తీసుకుని పడితే కూలీ. "రాజావారి బిడ్డ కూలికి కొట్టుకునేదా! ఇంకా నేను వీధిలో ఎట్ల తలెత్తేది!" అని పెద్దన్న చావడిలో పదిమంది ముందు నెత్తి బాదుకున్నాడు. కప్పులన్నీ గోనెసంచిలో వేయించి గొడౌనుకి పంపాడు. "ఇకమీద నువ్వు మాకు లేవు" అని తమ్ముడికి ఉత్తరం రాయించాడు. రాసిందెవరనుకున్నారు? నేనే. చేతిరాత బాగుంటుందని ఇలాంటి పనులన్నీ నాకే తగులుతాయి.

తర్వాత యుద్ధం వచ్చింది. దూది ధర పెరిగింది, దానితోపాటు పెద్దన్న పొట్టా పెరిగింది. ఆ రెండూ పెరిగాక పేరు ముందు ఏదైనా తగిలించుకోవాలని మనిషికి దురద పుడుతుంది కాబోలు. రావుసాహెబు బిరుదు కావాలని పెద్దన్నకి పట్టుకుంది. సరిగ్గా అప్పుడు, 1944 తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, మదరాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో సుదర్శన ఫొటో పడింది. బొంబాయిలో యుద్ధనిధికని జరిపిన కుస్తీల్లో తీసిన ఫొటో. ఒక పటాలం దొర అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కింద 'మదరాసు పులి సుదర్శన రాజా' అని అచ్చు వేశారు. దొర చెయ్యి పడ్డాక గానీ ఆ భుజం తన తమ్ముడిదని పెద్దన్నకి జ్ఞాపకం రాలేదు.

గోనెసంచి గొడౌను నుంచి వెనక్కి వచ్చింది. కప్పుల్ని చింతపండు పెట్టి తోమారు. నలుగురు మిల్లువాళ్ళు, ఇద్దరు వకీళ్ళు కూర్చుని సన్మాన సంఘం అన్నారు. శ్రీవిల్లిపుత్తూరు తాసిల్దారు అధ్యక్షుడన్నారు. సన్మానపత్రం రాసే పని మళ్ళీ నా నెత్తినే పడింది. పదేళ్ళ కిందట 'నువ్వు మాకు లేవు' అని రాసిన చేత్తోనే 'మా కులతిలకమా' అని మొదలుపెట్టాను. సిగ్గనిపించలేదా అంటే, అనిపించింది. అయినా రెండు పేజీలు రాశాను.

సుదర్శన గురువారం రైలు దిగాడు. మనిషి బాగా లావయ్యాడు, చెవులు రెండూ నలిగి ముద్దలైపోయాయి. పెద్దన్న స్టేషనులో అందరూ చూసేటట్టు కావలించుకుని ఏడ్చాడు. నిజం ఏడుపేనేమో, నాకేం తెలుసు. మర్నాడు సుదర్శన ఫ్యాక్టరీకి వచ్చి, బొమ్మయ్యని భుజం తట్టి పలకరించి, నా పక్కన మూట మీద కూర్చున్నాడు.

"ఎన్ని గెలిచినావు సుదర్శనా? పత్రంలో రాయాల" అని అడిగాను.

"గెలిచేది వేరేవాళ్ళ పని దామోదరా" అని నవ్వాడు. "నా పని పడేది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాడు. ఆ కంపెనీలో ఎవరు గెలవాలో ముందే చెప్పేస్తారట. పేరున్న వస్తాదులు గెలుస్తారు. వాళ్ళ చేతిలో చూసేవాళ్ళ ఒళ్ళు జలదరించేటట్టు పడడానికి ఒకడు కావాలి. ఆ పనిలో సుదర్శనని మించినవాడు లేడట.

"పెద్ద పెద్ద వస్తాదులు నేనే కావాలని అడుగుతారు. నా మాదిరి పడేవాడు ఇండియాలోనే లేడప్పా" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు. వడ్రంగి తాను చేసిన తలుపు చూపించినట్టు చెప్పాడు. నేను పత్రంలో 'లెక్కకు మించిన విజయాలు' అని రాసుకున్నాను.

శనివారం పొద్దున పెద్దన్న నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. సన్మానంలో తాసిల్దారు ముందు ఒక కుస్తీ చూపించాలట. ఎదుటివాడు బొమ్మయ్య.

"బొమ్మయ్యతో చెప్పు. మూడు పట్లు. మూడింటిలోనూ వెన్ను ఆనాల. సుదర్శన చెయ్యి తగలంగానే పడాల. పడినాడంటే బేళ్ళు కట్టే ప్రెస్సులో మేస్త్రీ వేలై, ఆ ఉద్యోగం వాడిదే. పడకపోయినాడో, సోమవారం గేటులో కాలు పెట్టకూడదు."

"సుదర్శనకి ఈ సంగతి చెప్పనా అన్నా?"

"ఛీ ఛీ, మానం పోతాది! వానికి తెలియనే కూడదు. నిజంగా గెలిచినానని వాడు అనుకోవాల."

పడడమే వృత్తిగా బతికినవాణ్ణి గెలిచానని అనుకోనివ్వాలట! నాకు పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వు రావలసిన మాట. కానీ పెద్దన్న ఎదుట నవ్వే అలవాటు నాకు లేదు. సరే అని తలూపి వచ్చాను. ఆ పూట నోరు తెరిచి సుదర్శనకి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

మధ్యాహ్నం బొమ్మయ్య ఇంటికి వెళ్ళి చెప్పాను. యుద్ధం రోజులు. బజారులో బియ్యం దొరకదు, మిల్లువాళ్ళు తమ కూలీలకి ఇచ్చే బియ్యమే గతి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

"ముప్పై రెండేళ్ళు పడలేదు పాప్పా" అన్నాడు.

"పడితే ఏం పోయింది? నీ వెన్నేమన్నా వెండితో చేసినారా?" అంది పాప్పమ్మాళ్. మొగుడి మొహం చూసి గొంతు తగ్గించింది. "బిడ్డలకి కంజి ఎవరు పోస్తారు? నువ్వే చెప్పు."

బొమ్మయ్య నావైపు తిరిగాడు. "సరి అయ్యా, పడతాను. కానీ ఎట్ల పడాల? నాకు తెలియదే."

వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. వాకిట్లో నిలబడి, ముందు పాప్పమ్మాళ్ ని తొయ్యమన్నాడు. ఆమె రెండు చేతులా తోసింది. గోడని తోసినట్టే ఉంది. నేనూ తోశాను. కాళ్ళు వాటంతట అవే నేలని పట్టుకుంటున్నాయి, అతనేం చేస్తాడు! చూస్తున్న ఆడపిల్లలు నవ్వారు, పాప్పమ్మాళ్ నవ్వింది, ఆఖరికి బొమ్మయ్య కూడా నవ్వాడు. సాయంత్రం దాకా తంటాలు పడి, మోకాలు మడిచి పక్కకి ఒరగడం ఒకటి నేర్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ముందు కోవిల్లో మరియాద. స్వామికి చుట్టిన పట్టుగుడ్డని తలకి చుడతారు, పరివట్టం అంటారు. అది సుదర్శనకి చుట్టాలని సంఘం తీర్మానం. తీరా పూజారి పట్టర్ గుడ్డ పట్టుకుని వచ్చాక ఒక పెద్దాయన అడ్డు లేచాడు. ఇంటికి పెద్దవాడు బతికి ఉండగా చిన్నవాడి తలకి పరివట్టం కట్టే ఆచారం మనకుందా అని. లేదు. ఎక్కడా లేదు. ఇంకేం చేస్తారు, పెద్దన్న తలకి కట్టారు. సుదర్శన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూలికి కొట్టుకునేవాడని తమ్ముణ్ణి వెలివేసిన మనిషి, తమ్ముడి పేరు మీద పరివట్టం కట్టించుకుని, మేళంతో ఇంటికి ఊరేగాడు. అంతమందిలో ఒక్కడికీ నవ్వు రాలేదు. మరియాద దగ్గర మా ఊళ్ళో ఎవరూ నవ్వరు.

సాయంత్రం నాలుగింటికి బడి మైదానంలో గోదా. ఎర్రమట్టి జల్లెడ పట్టి పోశారు. ముందు కుర్చీల్లో మిల్లువాళ్ళు, తాడు వెనకాల కూలీజనం. తాసిల్దారు ఆలస్యంగా, కుస్తీ మొదలయ్యే సమయానికి వచ్చి నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. ఎవరు ఎవరో ఆయనకి చెప్పే వ్యవధి లేకపోయింది. నేను సన్మానపత్రం చేత పట్టుకుని గోదా పక్కన నిలబడ్డాను.

మొదటి పట్టు. సుదర్శన చెయ్యి వేశాడో లేదో, బొమ్మయ్య నేర్చుకున్న ప్రకారం మోకాలు మడిచి ఒరగబోయాడు. అతను ఒరిగేలోపలే సుదర్శన ఎగిరి వెల్లకిలా పడ్డాడు. ఎంత చప్పుడు! ఒరుగుతున్న బొమ్మయ్య తూలి బోర్లా అతని మీద పడ్డాడు. కుర్చీల్లో ఒక్క చెయ్యీ కదల్లేదు. తాడు వెనకాల మాత్రం ఈలలు మొదలయ్యాయి.

బొమ్మయ్య భయంగా నావైపు చూశాడు. 'నేనేం చెయ్యలేదయ్యా' అన్నట్టు చేతులు చూపించాడు. రెండో పట్టుకి అతను దాదాపు కూర్చున్నంత పని చేశాడు. సుదర్శన అతని చెయ్యి పట్టుకుని, అతని భుజం మీదుగా పల్టీ కొట్టి, అవతల వెన్ను ఆనించి పడి, అబ్బా అని మూలిగాడు. ఇద్దరు మగవాళ్ళు ఓడిపోవడానికి అంతగా పోటీపడడం నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ పదేళ్ళు అదే పని చేసినవాడితో, నిన్న సాయంత్రం నేర్చుకున్నవాడు ఎలా నెగ్గుతాడు?

"బాగా చేస్తా ఉండావు బొమ్మయ్యా" అని సుదర్శన లేస్తూ మెల్లిగా అనడం నాకు వినిపించింది. బొమ్మయ్యకీ వినిపించింది. అతని మొహం మారిపోయింది. తనతో ఆటలాడుతున్నారని అర్థమైంది. మేస్త్రీ ఉద్యోగం, బియ్యం, ఇద్దరు ఆడపిల్లలు, ఏదీ గుర్తుందనుకోను. మూడో పట్టుకి కాళ్ళు ఊని, సుదర్శన నడుము పట్టి, దూది బేలుని ఎత్తినట్టు తల మీదికి ఎత్తాడు. సుదర్శన గాలిలో కాళ్ళు తన్నుకున్నాడు, మెడ పట్టుకోబోయాడు, మోచేత్తో పొడిచాడు. బొమ్మయ్య నిదానంగా వంగి, అతన్ని మట్టి మీద వెల్లకిలా పరిచి, గుండె మీద మోకాలు పెట్టాడు.

తాడు తెగిపోయింది. కూలీలు గోదాలోకి దూకి బొమ్మయ్యని భుజాల మీదికి ఎత్తుకున్నారు. తాసిల్దారు మహానందంగా లేచి, బల్ల మీద ఉన్న గులాబీదండ తీసుకుని, గెలిచినవాడే మదరాసు పులి అనుకుని, బొమ్మయ్య మెడలో వేసి చేతులు కలిపాడు. "చదవండి, చదవండి" అని నన్ను తొందరపెట్టాడు. తాసిల్దారు తప్పుని ఎవరు దిద్దుతారు? బిరుదు ఆయన రాసే రిపోర్టులో ఉంది. పెద్దన్న పళ్ళు కొరుకుతూ నవ్వుతున్నాడు. నేను చదివాను. "మా కులతిలకమా! లెక్కకు మించిన విజయాలు..." బేళ్ళు మోసే బొమ్మయ్య ఒళ్ళంతా ఎర్రమట్టితో దండ వేసుకుని నిలబడి, ఒక్కొక్క మాటకీ తల వంచి దండం పెట్టాడు. నా బతుకులో ఒక పత్రం తగినవాడి ముందు చదవడం అదొక్కసారే జరిగింది.

సోమవారం గేటు దగ్గర బొమ్మయ్యని ఆపేశారు. నేను కాటా దగ్గర నుంచి చూశాను. అతను తగవు పెట్టుకోలేదు, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి విని సుదర్శన ఆఫీసు గది దగ్గరికి వచ్చాడు. పడమని పెద్దన్న బొమ్మయ్యకి ముందే చెప్పించాడని, అయినా అతను పడలేదని గుమ్మం బయటే నేను సుదర్శనకి చెప్పాను. అతను తల పట్టుకుని పెద్దన్న ముందుకి వెళ్ళాడు, వెనకే నేనూ.

"అన్నా, వాని తప్పు లేదు. నేనే కావాలని పడినాను" అన్నాడు.

"ఏంటికిరా?" అన్నాడు పెద్దన్న.

"కొత్త ఊరికి పోతే ఆ ఊరివాడు గెలవాల. అట్లయితేనే జనం సంతోషంగా ఇంటికి పోతారు. పదేళ్ళుగా మేము చేసేది అదే కదా."

"ఊరివాడివి నువ్వు గదరా పాపీ!"

ఆ ఆలోచన సుదర్శనకి రానే లేదు. మా పుణ్యమా అని, పదేళ్ళలో ఈ ఊరు కూడా అతనికి అన్ని ఊళ్ళలాంటిదే అయిపోయింది. ఉత్తరం రాసిన నా చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పెద్దన్న మాత్రం కాసేపటికి తేరుకున్నాడు. మొహంలో వెలుగు వచ్చింది. "అంటే వాడు గెలవలేదన్నమాట. మూడూ నువ్వే పడినావు. మూడూ కదా?"

సుదర్శన కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "మూడూ" అన్నాడు.

"సరి. పోయి వాని మొహాన్నే ఆ మాట చెప్పు. గెలవలేదని వాడు ఒప్పుకుంటే రానీ. మేస్త్రీ వేలై లేదు, పాత వేలైకే."

మంగళవారం మేమిద్దరం వెళ్ళేసరికి బొమ్మయ్య ఇంటి ముందు జనం ఉన్నారు. మంసాపురం నుంచి కూడా అతన్ని చూడడానికి వచ్చారు. పని పోయినవాడిలా లేడు, పెళ్ళికొడుకులా ఉన్నాడు. గులాబీదండ గుమ్మానికి వేలాడుతోంది. సుదర్శన అతన్ని పక్కకి పిలిచి, కావాలని తానే పడ్డానని, గెలవలేదని ఒప్పుకుంటే పాత పని ఇస్తారని చెప్పాడు.

"మొదటి రెండూ నాకూ తెలుసు చిన్నయ్యా. మీరే పోయి పడినారు" అన్నాడు బొమ్మయ్య. "మూడోది?"

"అదీ నేనే."

"అప్పాడా! వేలై వచ్చింది కదా, మారియమ్మ కాపాడింది" అంది పాప్పమ్మాళ్.

బొమ్మయ్య లేచి దండ తీసి మేక ముందు వేశాడు. "రేపు వస్తానని పెద్దయ్యతో చెప్పండి. గెలవలేదని బొమ్మయ్య చెప్పినాడని చెప్పండి" అన్నాడు. సుదర్శనకి దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

బుధవారం నేనే సుదర్శనని రైలెక్కించాను. సన్మానపత్రం మరిచిపోయాడని ఇస్తే, నువ్వే ఉంచుకో అన్నాడు. బండి కదలబోతుండగా కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూడోది నేను పడలేదు దామోదరా. వానికి కోపం రావడం చూసి భయపడినాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టినాను. నన్ను నిజంగా ఎత్తి పడేసినాడు."

"మరి వానితో ఏంటికి చెప్పలేదు?" నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెప్పితే అన్న వాణ్ణి గేటు దాటనిస్తాడా? నువ్వూ చెప్పవద్దు." బండి కదిలింది. అతను మళ్ళీ రాజపాళయం రాలేదు.

బిరుదు పెద్దన్నకి రాలేదు, ఆ మాత్రం సంతోషం దేవుడు నాకు మిగిల్చాడు. బొమ్మయ్య పాత పనికి వచ్చాడు. అమ్మవారి పండగలకి పిలుపులు వచ్చినా వెళ్ళడం మానేశాడు. ఎవరైనా ఆ ఆదివారం కుస్తీ మాట ఎత్తితే, "అది చిన్నయ్య దయ" అనేవాడు.

నాలుగేళ్ళ తర్వాత, 1948లో, ఒక పొద్దున బేలు కాటా మీద దించి నా దగ్గర ఆగాడు. ఎవరూ లేరు. పెద్దన్న ఆఫీసు కిటికీ మాత్రం తెరిచి ఉంది.

"దామోదరయ్యా, మీరు ఆ దినం గోదా పక్కనే నిలబడినారు కదా. మూడోది చిన్నయ్య తానే లేచినాడా, లేకుంటే నేను ఎత్తినానా? మీ కళ్ళకి ఎట్ల కనిపించింది?"

నేను కిటికీ వైపు చూశాను.

"అప్పుడు నేను తాసిల్దారు మొహం చూస్తా ఉన్నాను బొమ్మయ్యా" అన్నాను. "గోదా వైపు చూడలేదు."

"సరి అయ్యా" అని, ఇంకో బేలు తేవడానికి వెళ్ళాడు.